సంఘపు కంప్యూటర్లను అమ్మవలసినదేనా?

మన సంఘ పఠనమందిరములోని ఏడు కంప్యూటర్లను పాత సామానుల వర్తకునికి ఇచ్చివేసి, వానికి బదులుగా క్రొత్తవి కొనవలెనను ప్రతిపాదన కార్యవర్గము ముందున్నది. దుకాణదారు ఇచ్చిన అంచనా ప్రకారము ఒక్కొక్క యంత్రమునకు సుమారు 40,000 రూపాయలు, వెరసి 2,80,000 రూపాయలు. ఇది మన సంఘమునకు చిన్న మొత్తము కాదు. ఆదివారపు తెలుగు తరగతి పంతులుగారికి ఇచ్చు గౌరవ వేతనము, పిల్లల వాచకముల ఖర్చు, ఈ పత్రిక ముద్రణ వ్యయము, అన్నియు కలిపినను ఏడాదికి అంత కాదు. కావున ఈ విషయమై మా అభిప్రాయమును సభ్యులందరి ముందు ఉంచుట యుక్తమని తలచి నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఆ యంత్రములను అమ్మనక్కరలేదనియు, వానిలో లినక్సు అను వ్యవస్థను నెలకొల్పినచో మరి కొన్ని ఏండ్లు నిక్షేపముగా పనిచేయుననియు, ఐతే అంతకంటె ముందుగా మనము చక్కబెట్టుకొనవలసిన పని వేరొకటి కలదనియు మా నిశ్చితాభిప్రాయము.

మొదట అమ్మవలెననువారి వాదమును న్యాయముగా చెప్పెదము. మన యంత్రములలో నున్నది విండోసు 10. అది 2015 జూలై 29వ తేదీన వెలువడినది. దానికి ఇకమీదట మరమ్మతులు చేయబోమని ముందుగానే ప్రకటించి, మైక్రోసాఫ్టు కంపెనీవారు 2025 అక్టోబరు 14వ తేదీతో మద్దతును విరమించుకొనిరి. ఆ మరునాడు యంత్రములేమియు ఆగిపోలేదు. మీట నొక్కిన తెర వెలుగుచునే యున్నది. ఐనను లోపల జరిగిన మార్పు స్వల్పమైనది కాదు. ఇంటికి తాళమున్నది, కాని దొంగలు ఆ తాళమునకు మారుచెవి చేయుట నేర్చిన పక్షమున, తాళమును మార్చి ఇచ్చెడి మనిషి ఇక రాడు. వ్యక్తిగతముగా వాడుకొనువారికి 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలను పొందు మార్గమొకటి కంపెనీవారు చూపిరి గాని, అది గడువు పొడిగించుటయే తప్ప బాకీ తీరుట కాదు. కావున ‘ఉన్నవి ఉన్నట్లే ఉండనిండు’ అను మాటకు మేమును ఒప్పుకొనము. సంఘపు బ్యాంకు ఖాతాను చూచు యంత్రమును తాళము లేని ఇంటిలో ఉంచరాదు.

మరి విండోసు 11 పెట్టరాదా అని కొందరు అడిగిరి. పెట్టరాదు. దానికి టీపీఎం 2.0 అను భద్రతా ఏర్పాటు కావలెను. ఇంటెల్ ప్రాసెసరు అయినచో ఎనిమిదవ తరము, అనగా 2017లో రాసాగిన తరము, లేదా దాని తరువాతిది కావలెను. మన ఏడు యంత్రములును అంతకు ముందటివి. వాని ఇనుము తుప్పు పట్టలేదు, తెరలు మసకబారలేదు. కంపెనీవారి పట్టికలో మాత్రము ముసలివైపోయినవి. ఇట్లు ప్రపంచమందంతటను సుమారు 24 కోట్ల కంప్యూటర్లు పనికిరానివిగా ఎంచబడవచ్చునని కెనాలిస్ అను పరిశీలన సంస్థ 2023 డిసెంబరులోనే అంచనా కట్టినది. పదేండ్లు నడిచిన కుట్టుమిషనును, దారము తెగలేదు, సూది విరగలేదు, కేవలము కంపెనీవారు తరువాతి నమూనాను తీసినారని పారవేయు గృహిణి మన వాడలో ఒక్కరైనను కలరా?

ఇక లినక్సనగా ఏమి? ఇది ఒక కంపెనీ సరుకు కాదు. 1991 ఆగస్టు 25న, ఫిన్లాండు దేశమందలి హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ అను యువకుడు, తాను సరదాకై ఒక వ్యవస్థను వ్రాయుచున్నట్లు ప్రకటించెను. అంతకు పూర్వమే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ అను నాతడు ఎవరైనను స్వేచ్ఛగా వాడుకొని, విప్పి చూచి, మార్చుకొని, పంచిపెట్టదగిన వ్యవస్థ యొకటి ఉండవలెనని గ్నూ అను ఉద్యమమును ప్రారంభించియుండెను. ఈ రెండును కలిసినవి. అప్పటినుండి వేలకొలది జనులు, కొందరు జీతమునకు, కొందరు ఊరకనే, దానిని పెంచుచు వచ్చిరి. దాని షరతు మన ఊరి చెరువు షరతు వంటిది. నీరు ఎవరైనను తెచ్చుకొనవచ్చును, పూడిక తీయుటకు ఎవరైనను పార పట్టవచ్చును, కాని గట్టుకు కంచె కట్టి నాదని అనరాదు.

ఇది ఎక్కడో పరదేశమందలి వింత యని తలచువారు తమ జేబులోని ఫోనును తీసి చూడవలెను. ఆండ్రాయిడు ఫోనుల లోపల పనిచేయుచున్నది లినక్సు మూలమే. ప్రపంచములోని మహాశక్తిమంతములగు 500 కంప్యూటర్ల జాబితా యొకటి ప్రకటింపబడుచుండును. 2017 నవంబరునుండి ఆ ఐదువందలును లినక్సుమీదనే నడచుచున్నవి. కావున లినక్సు సమర్థమా యనునది ప్రశ్న కాదు. మన బల్లమీది కంప్యూటరునందు, మన గుమాస్తాకు, మన పిల్లవానికి, కండ్లద్దములు పెట్టుకొని వార్తలు చదువుకొను మన పెద్దవారికి, అది సుఖముగా నుండునా యనునదే ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు వినికిడిమీద చెప్పుట మాకు ఇష్టము లేకపోయినది. అందుచేత కార్యదర్శిగారి అనుమతితో, పఠనమందిరములోని రెండు యంత్రములలో లినక్సు మింటు అను రకమును పెట్టించి నాలుగు నెలలు చూచితిమి. లినక్సులో రకములు మెండు. ఉబుంటు, ఫెడోరా, డెబియను, మింటు అని పేర్లు వినునప్పటికి క్రొత్తవానికి తల తిరుగును. ఒకే బియ్యమును ఒకరు పులిహోరగను, మరియొకరు దద్దోజనముగను వండినట్లు, మూలమొక్కటే, వడ్డన వేరు. ఇన్ని పేర్లుండుట విద్యార్థికి వరము, వర్తకునికి విసుగు. మింటును మేము ఎంచుకొనుటకు కారణము, అది విండోసుకు అలవాటు పడిన కంటికి ఎక్కువ క్రొత్తగా తోచదు. ఎడమ ప్రక్క క్రింది మూలనే పట్టిక మీట, క్రిందనే వరుస, కుడిమూలన గడియారము. 4 జీబీ జ్ఞాపకశక్తి యుండిన చాలును. 2024 జూలైలో వచ్చిన 22వ సంచికకు 2029 వరకు సవరణలు వచ్చునని దాని కర్తలు చెప్పిరి. పెన్ డ్రైవులో ఎక్కించుకొని, యంత్రములోని పాతదానిని కదపకయే, ముందు నడిపి చూచుకొనవచ్చును. నచ్చనిచో పెన్ డ్రైవు తీసివేసిన సరి. బేరము కుదురకముందే గుడ్డను ఇంటికి పట్టుకొనిపోయి వెలుతురులో చూచుకొనిరండు అను దుకాణము ఎన్ని చోట్ల నుండును?

నాలుగు నెలలలో మేము గమనించినదేమన, వృద్ధులకు ఏ ఇబ్బందియు లేకపోయినది. వారికి కావలసినది వార్తాపత్రికలు, దూరదేశములందున్న మనుమలతో ముఖాముఖి సంభాషణ, రైలు టిక్కెట్టు, భక్తిగీతములు. ఇవన్నియు ఫైర్‌ఫాక్సు కిటికీలోనే జరిగిపోవును. దాని వెనుక నున్నది ఏ వ్యవస్థయో వారెన్నడును అడుగలేదు. ఒక పెద్దాయన మూడు వారములు వాడిన పిదప, విండోసు ఈమధ్య త్వరగా తెరచుకొనుచున్నదే యని మెచ్చుకొనిరి. ఐతే ఇచ్చట ఒక నిజము చెప్పవలెను. ఆ వేగము సగము లినక్సుది కాదు. ఆ రెండు యంత్రములకు పాత తిరుగుడు డిస్కును తీసి, రెండేసి వేల రూపాయల వంతున ఎస్.ఎస్.డి. వేయించితిమి. లినక్సు భక్తులు ఈ సంగతి చెప్పరు.

పిల్లలు ఒక్క సాయంకాలములో అంతయు పట్టివేసిరి. ఉత్తరములు, లెక్కల పట్టికలు వ్రాయుటకు లిబ్రే ఆఫీసు దానితోనే వచ్చును; విడిగా కొననక్కరలేదు. క్రొత్త సాధనమేదైనను కావలెనన్నచో, ఒకే భాండాగారమునుండి దింపుకొందురు గాని, పదిచోట్ల వెదకి పదకొండవచోట క్రిములను ఇంటికి తెచ్చుకొనరు. సవరణలు వచ్చినప్పుడు, పని మధ్యలో యంత్రము తనంతట తాను ఆగి మొదలగుట మేము చూడలేదు. ఎప్పుడు చేసికొందువని మనలనే అడుగును. పరుగుపందెముల ఆటలు, తుపాకుల ఆటలు కొన్ని దీనియందు నడువవని కుర్రవారు మొరపెట్టుకొనిరి. పఠనమందిరమునకు అది నష్టమని మేము ఒప్పుకొనజాలము.

కష్టములును లేకపోలేదు. కార్యాలయములో నున్న చిన్న లేసరు ప్రింటరు లినక్సుతో మాటాడనన్నది. కొన్ని ప్రింటర్లు తీగ కలుపగానే పనిచేయును. ఇది మాత్రము రెండు సాయంకాలములు మింగివేసి, తుదకు ఒక్కొక్క మారు అచ్చు వేయుచు, ఒక్కొక్క మారు మౌనవ్రతము పట్టినది. వాట్సాపునకు ప్రత్యేక సాధనము లినక్సునకు ఇయ్యబడలేదు, బ్రౌజరులోనే తెరచుకొనవలెను. ఏదైనను చెడినప్పుడు దొరకు సలహాలు ఇంగ్లీషులో నుండును. నల్లని తెరను తెరచి అందులో ఫలాని ఆజ్ఞను టైపు చేయుమని చెప్పును. ఇంగ్లీషు వచ్చినవారికే అవి మంత్రముల వలె నుండును, రానివారి సంగతి చెప్పనేల.

లినక్సు కష్టమని లోకమునందున్న ప్రవాదమునకు మూలము ఇచ్చటనే యున్నదని మా అభిప్రాయము. తెరమీది బొమ్మలలో గాని, మీటల అమరికలో గాని ఇప్పుడు పెద్ద తేడా లేదు. తేడా వీధిలో నున్నది. విండోసు చెడినచో బాగుచేయు కుర్రవాడు ప్రతి బజారులోను కలడు. మూడువందలు పుచ్చుకొని గంటలో లేపి నిలబెట్టును. లినక్సు చెడినచో మన బరంపురములో ఎవరి తలుపు తట్టవలెను? ఇంజనీరింగు కళాశాల విద్యార్థి యొకడు మాకు లభించెను. అతడు పరీక్షలకు పోయిన వారమున మేము చేతులు ముడుచుకొని కూర్చుంటిమి. సులభమైన వస్తువనగా చేతికి సులభమైనది మాత్రమే కాదు, చెడినప్పుడు ప్రక్కింటివాడు ఎరిగినది. లినక్సును పొగడుచు వ్రాయువారు సాధారణముగా తామే ఆ ప్రక్కింటివారగుటచేత, ఈ లోటు వారికి కనబడదు.

వర్తక సోదరులకు వేరుగా ఒక మాట. మీ దుకాణములో లెక్కలు టాలీలో నున్నచో, ఆ యంత్రమును ముట్టుకొనవలదు. టాలీ విండోసుకై వ్రాయబడినది. దానిని లినక్సులో నడుపు ఉపాయములు చెప్పువారు కలరు. ఉపాయములతో ఆటలు ఆడవచ్చును గాని ఆవర్జా వ్రాయరాదు. డిజిటలు సంతకపు టోకెన్లు, పన్నుల శాఖవారు ఇచ్చు కొన్ని సాధనములు సైతము విండోసునే అపేక్షించుచున్నవి. నెలాఖరున జీఎస్టీ దాఖలా చేయవలసిన దినమున తంటాలు పడుటకంటె, ఆ ఒక్క యంత్రమునకు డబ్బు పెట్టి క్రొత్తది కొనుక్కొనుట మేలు. అట్లని ఇంటనున్న రెండవ యంత్రమును, పిల్లలు చదువుకొనుదానిని, అదే కారణమున మార్చనక్కరలేదు.

పెద్ద పట్టణములు సైతము ఈ విషయమున తడబడినవి. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంఘమువారు 2003లో లినక్సునకు మారుటకు నిశ్చయించి, పదేండ్లు శ్రమపడి సుమారు 15,000 యంత్రములను మార్చిరి. పిమ్మట ఉద్యోగుల ఫిర్యాదులు, ఇతర కార్యాలయముల పత్రములతో పొసగకపోవుట, పాలకుల మార్పు, అన్నియు కలిసి 2017 నవంబరులో తిరిగి విండోసుకు పోవుటకు తీర్మానించిరి. అదే దేశములోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్ర ప్రభుత్వమువారు, ఆ చరిత్ర ఎరిగియును, 2024 ఏప్రిలులో తమ 30,000 యంత్రములను లిబ్రే ఆఫీసునకు, క్రమముగా లినక్సునకు మార్చెదమని ప్రకటించిరి. మొదట పత్రములు, తరువాత వ్యవస్థ అను వారి వరుస మాకు నచ్చినది. మన సంఘమునకును అదియే వరుస యని మేము చెప్పబోవుచున్నాము.

పైన వేరొక పని కలదంటిమి. అది మన తెలుగు పత్రముల సంగతి. ఈ పత్రిక పాత సంచికలు, సభ్యుల కుటుంబ పట్టిక, వివాహ సంబంధముల రిజిస్టరు, తెలుగు బడికై ప్రభుత్వమునకు పంపిన విజ్ఞాపనలు, ఇరువది ఏండ్లకు పైగా కంప్యూటరులో తెలుగున టైపు చేయబడినవి. ఆ కాలములో అచ్చు కార్యాలయములందు వాడిన ఫాంటుల పద్ధతి వేరు. అందులో ‘క’ అను అక్షరమునకు నిజమైన స్థానము లేదు. ఏదో ఒక ఇంగ్లీషు అక్షరముయొక్క లేక గుర్తుయొక్క సంఖ్యను పుచ్చుకొని, దాని ముఖమునకు తెలుగు ముసుగు తొడిగిరి. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు మరియొక ముక్క. ఆ ఫాంటు ఉన్న యంత్రమున ముత్యములవంటి తెలుగు కనబడును. ఆ ఫాంటు లేనిచోట, అదే పత్రము తెరచినచో, పిచ్చి గీతలు, ప్రశ్నార్థకములు, విదేశీ అక్షరములు.

అనగా మన ముప్పదియేండ్ల వ్రాతలు కంప్యూటరు దృష్టిలో తెలుగే కావు. ఒక ఇంటిపేరు వెదకుమన్నచో వెదకలేదు. ఫోనులోనికి పంపినచో చదువలేరు. చూపు తగ్గిన పెద్దలకు చదివి వినిపించు సాధనములు ఇప్పుడు తెలుగునకును వచ్చినవి. అవి ఈ పత్రములను చూచి నోరు మెదపవు. ఆ ఫాంటుల పొదిని మన కార్యాలయమున కొనినది పాత విండోసుకై గనుక, ఈ కట్టు విప్పుకొననంతవరకు మనము ఆ యంత్రమును విడువలేము. మనలను పట్టి ఉంచినది విండోసని అందరును అనుకొనుచున్నారు. కాదు, ఫాంటు.

యూనికోడు ఈ చిక్కును తీర్చినది. అది ఒక ఫాంటు కాదు. ప్రపంచమందలి లిపులన్నిటికిని అక్షరమొక్కింటికి ఒక స్థిరమైన సంఖ్య నిచ్చిన ఒడంబడిక. 1991 అక్టోబరులో వెలువడిన మొదటి సంచికలోనే తెలుగునకు చోటు దొరకినది. తెలుగు ‘క’ సంఖ్య 3093. అది విండోసులోను 3093, లినక్సులోను 3093, మీ ఫోనులోను 3093. బరంపురములోను, బళ్ళారిలోను, షోలాపురములోను, యానాములోను అదియే. ఒడియా ‘క’ సంఖ్య 2837. సరిగా 256 తక్కువ. మన దేశపు లిపులను ఒకదాని సరసన ఒకటి సమాంతరముగా కూర్చుండబెట్టుటచేత ఈ లెక్క కుదిరినది.

ఈ సమాంతరత మనవంటివారికి ఉపయోగించు రీతి నొకింత వివరించెదము. 1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి, గంజాము సీమ మదరాసునుండి విడివడిన నాటినుండి, మన ఇండ్లలో మూడు లిపులు నడచుచున్నవి. ఇంట తెలుగు, కచ్చేరిలో ఒడియా, ఖాతాలో ఇంగ్లీషు. మన పిల్లలు ఒడియా చదువుదురు, వ్రాయుదురు. తెలుగు మాటాడుదురే గాని అనేకులకు అక్షరములు రావు. ఇంగ్లీషు అక్షరములలో ‘ఎలా ఉన్నారు’ అని ఫోనులో కొట్టుటయే వారి తెలుగు వ్రాత. ఇన్‌స్క్రిప్టు అను కీబోర్డు అమరికను భారత ప్రభుత్వ ప్రమాణముగా ఏర్పరచునప్పుడు, అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వచ్చునట్లును, భారతీయ లిపులన్నిటికిని అదే మీట అదే ధ్వనిని ఇచ్చునట్లును కూర్చిరి. ఇంగ్లీషు ‘కె’ మీటను నొక్కినచో తెలుగులో తెలుగు ‘క’, ఒడియాలో ఒడియా ‘క’. ఒక్క మారు వ్రేళ్ళకు నేర్పినచో రెండు లిపులు వచ్చినట్లే. మన ఆదివారపు తరగతిలో ఎనిమిదిమంది పిల్లలకు ఈ విధముగా నేర్పించి చూచితిమి. బడిలో ఒడియా టైపునకు పనికివచ్చునను ఆశతో కూర్చున్నవారు, తెలుగు అక్షరములను తెరమీద చూచి చూచి గుర్తుపట్టసాగిరి. మూడవ నెలలో ఒక బాలిక తన అమ్మమ్మ చెప్పిన పొడుపుకథలను పన్నెండింటిని టైపు చేసి తెచ్చినది. పలకమీద దిద్దించుటకు ఇది బదులు కాదు. దిద్దుటకు కూర్చుండని పిల్లలకు ఇది ఒక వాకిలి.

ఇది విండోసులోను చేయవచ్చును. న్యాయము చెప్పవలెను గదా. 2001లో వచ్చిన విండోసు ఎక్స్‌పీ లోనే గౌతమి అను తెలుగు ఫాంటు కలదు. కాని ఉచితముగా వచ్చు వ్యవస్థలో, పాత యంత్రముమీద, ఈ మూడు లిపులును ఒక్క పైసా ఖర్చు లేక కుదురుచున్నవనుట మన వంటి బీద సంఘమునకు చెప్పుకోదగిన సంగతి. అందమైన తెలుగు ఫాంటులు లేవను మాటయు ఇప్పుడు చెల్లదు. మండలి, సూరన్న, రామభద్ర, పెద్దన, ధూర్జటి, గురజాడ అను పేర్లతో స్వేచ్ఛగా వాడుకొనదగిన ఫాంటులు పెక్కు కలవు. శీర్షికలకు కొన్ని, వచనమునకు కొన్ని. మన పత్రికను సూరన్నలో కూర్చి చూచితిమి. కంటికి చల్లగా నున్నది. పుటలు కూర్చుటకు స్క్రైబసు అను ఉచిత సాధనమున్నది. దానియందు తెలుగు వత్తులు చాలకాలము సరిగా పడకుండెడివి, 2024 ఆరంభమున వచ్చిన 1.6 సంచికలో పడుచున్నవి. లినక్సులోని పట్టికలను తెలుగుననే చూపుమని కోరవచ్చును గాని, సగము తెలుగును సగము ఇంగ్లీషును కలిసి వచ్చును. ఉన్న తెలుగులోను కొన్ని మాటలు నిఘంటువునుండి తిన్నగా లేచి వచ్చినట్లుండును. హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంస్థవారును, ఇతర స్వచ్ఛంద సేవకులును శ్రమపడుచున్నారు. వారికి మన గంజాము మాటలు నాలుగు పంపిన తప్పు లేదు. చెరువు అందరిదని పైన చెప్పితిమి గదా.

పిల్లలకు రేపు ఉద్యోగములలో విండోసే కావలెను, లినక్సు నేర్పి వారి భవిష్యత్తు పాడుచేయుదురా అని ఒక సభ్యుడు ఆవేశముతో అడిగిరి. ప్రశ్న పెద్దదే. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు చాల ఏండ్లుగా లినక్సుమీదనే కంప్యూటరు విద్య నభ్యసించుచున్నారు. ఆ రాష్ట్రపు యువకులకు అందుచేత ఉద్యోగములు తప్పినవని మేము వినలేదు. హీరో సైకిలు మీద నేర్చినవాడు అట్లాసు సైకిలు ఎక్కినచో పడిపోడు. అయినను వారి భయమును తీర్చుటకు, ఏడింటిలో ఒక యంత్రమును విండోసు 11తో క్రొత్తగా కొనుటకు మాకు అభ్యంతరము లేదు. లెక్కలకును, సంతకపు టోకెనునకును, ఆ మొండి ప్రింటరునకును అది కావలసియే యున్నది.

భద్రత విషయమై ఇరుపక్షములవారును అతిశయోక్తులు పలుకుచున్నారు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన సవరణ వలన సుమారు 85 లక్షల విండోసు యంత్రములు కూలబడినవి. మన విమానాశ్రయములందు ప్రయాణికులకు చేతివ్రాతతో బోర్డింగు పాసులు ఇచ్చిరి. లినక్సు మిత్రులు దీనిని పండుగవలె చెప్పుకొనిరి. కాని అదే సంవత్సరము మార్చి నెలాఖరున లినక్సు లోకములోనే ఒక ఘోరము తృటిలో తప్పినది. ఎక్స్‌జెడ్ అను చిన్న సాధనములో, ఏండ్ల తరబడి నమ్మకము సంపాదించిన మారుపేరు వ్యక్తి యొకడు దొంగద్వారము నమర్చెను. తన యంత్రములోనికి ప్రవేశించుటకు అర సెకను ఎక్కువ పట్టుచున్నదేమని అనుమానించి, ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు తీగ లాగగా డొంక కదిలినది. ఆయన మైక్రోసాఫ్టు ఉద్యోగి యగుట వింత. లెక్క పుస్తకము బల్లమీద తెరచియుంచినందువలన దొంగపద్దు వ్రాయువాడు రాకమానడు. కాని అర సెకను తేడాను పట్టుకొనగల పరాయివాడు సైతము వచ్చి ఆ పుటను చూడగలుగును. మూసిన పుస్తకమునకు ఆ సౌకర్యము లేదు. మా మొగ్గు ఎటున్నదో వర్తకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక మేము కోరునది. ఒక యంత్రమును క్రొత్తది కొనవలెను. తక్కిన ఆరింటిలో రెంటికి పని జరిగినది, నాలుగింటికి ఎస్.ఎస్.డి. వేయించి లినక్సు పెట్టించవలెను. ఇదంతయు కలిసి 50,000 రూపాయలకు లోపుననే తేలును. మిగిలిన సొమ్మునుండి కొంత తీసి, పాత పత్రములను యూనికోడునకు మార్చు పనికి కేటాయించవలెను. మార్పు సాధనములు దొరకుచున్నవి. కాని అవి వత్తులను, సున్నలను అక్కడక్కడ తారుమారు చేయును, కావున ప్రతి పుటను తెలుగు చక్కగా వచ్చినవారు ఒకరు చదివి దిద్దవలెను. ఈ పనికి జీతము ఇచ్చి మనిషిని పెట్టుకొనుట కంటె, ఉద్యోగ విరమణ చేసిన మన ఉపాధ్యాయులు వారమునకు రెండు గంటలు ఇయ్యగలిగిరా, వివాహ రిజిస్టరు మూడు నెలలలో తేలునని మా లెక్క. ముందు దానిని ముగించి, పిమ్మట విజ్ఞాపనలు, తరువాత పత్రిక సంచికలు చేపట్టవలెను. పాత విండోసు యంత్రమొకదానిని అంతవరకు ఇంటర్నెట్టు తీగ ఊడదీసి అట్లే ఉంచవలెను. ఆ ఫాంటులు తెరచుటకు అది కావలెను.

వచ్చు ఆదివారము తెలుగు తరగతి ముగిసిన పిదప, సాయంకాలము నాలుగు గంటలనుండి ఆ రెండు యంత్రములును సభ్యులకు తెరచియుండును. ప్రతిపాదనకు అనుకూలురును ప్రతికూలురును వచ్చి, కూర్చుండి, ఒక ఉత్తరము తెలుగున వ్రాసి చూడవలెనని కోరుచున్నాము. దిద్దుబాటు పనికి ఒప్పుకొను పెద్దలు తమ పేర్లను కార్యదర్శిగారి వద్ద వ్రాయించవలెను.